ఆగి ఆగి ఆడే ఊపిరి, అల్లుకొనే మెదడు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల సభకు చేసిన ప్రసంగ పాఠము)



75 ఏండ్ల పాఠశాల పండుగలో పురిటిగది ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చును. చదువు ఒకటవ తరగతితో మొదలవుతుందన్నది లోకరీతి. కాని పలక మీద ‘అ’ దిద్దే చేతిని నడిపించే నాడీతంతువులు తల్లి గర్భంలోనే అల్లుకొనడం ఆరంభిస్తాయి. ఆ అల్లిక మిక్కిలి వేగంగా సాగేది గర్భంలోని చివరి మూడు నెలలలోను, పుట్టిన తరువాతి మొదటి రెండేండ్లలోను. ఆ దశలో ఏదైనా ఆటంకం కలిగితే దాని జాడ చాలాకాలం కంటికి ఆనదు. కనబడేది తరగతి గదిలో. అప్పుడు దానికి పెట్టే పేర్లు వేరు: పరధ్యానం, బద్ధకం, మొద్దుతనం. ఈ పేర్లు పెట్టడంలో బడులకు ఎంత భాగమున్నదో ఇళ్లకూ అంతే ఉన్నది. అందుచేత నెలలు నిండని శిశువులలో ఆగి ఆగి కలిగే ప్రాణవాయు లోపము, ఎదుగుతున్న మెదడుపై దాని ప్రభావము ఈ ప్రసంగానికి విషయమైనవి.

గర్భానికి నిండు కాలం 40 వారాలు. 37 వారాలు పూర్తి కాక ముందే జరిగే కాన్పును నెలలు నిండని కాన్పు అంటారు. 2020వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఈ విధంగా పుట్టగా, వారిలో దాదాపు 30 లక్షల మంది భారతదేశంలో పుట్టినవారే. మరే దేశంలోనూ ఇంత పెద్ద సంఖ్య లేదు. ఈ లెక్కన 40 మంది కూర్చున్న తరగతిలో నలుగురైదుగురు నెలలు నిండక పుట్టినవారు ఉండవచ్చును. వీరిలో అధికులు కొద్ది వారాల తేడాతో పుట్టి, ఏ ఇబ్బందీ లేకుండా పెరిగి పెద్దవారవుతారు. ఇక్కడ చెప్పబోయే మాటలు ముఖ్యంగా 32 వారాలకు ముందు, అందులోనూ 28 వారాలకు ముందు పుట్టిన పసికందులను గురించినవి. ఏడవ నెల బిడ్డ దక్కుతుంది గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదని ఇళ్లలో పెద్దలు అంటూ ఉంటారు. అది వాస్తవం కాదు. గర్భంలో గడిపిన ప్రతి అదనపు వారమూ ఊపిరితిత్తులకు, మెదడుకు మేలే చేస్తుంది.

తల్లి కడుపులో ఉన్న శిశువుకు ఊపిరితిత్తులు ఉన్నా వాటితో గాలి పీల్చవలసిన పని లేదు. ప్రాణవాయువు మాయ నుండి బొడ్డుతాడు గుండా రక్తంలో కలుస్తుంది. అయినా గర్భస్థ శిశువు ఛాతీని కదలిస్తూ ఊపిరి తీయడం సాధన చేస్తూ ఉంటుంది. ప్రాణవాయువు కాస్త తగ్గిందంటే ఆ సాధన ఆపివేస్తుంది. కడుపులో ఉన్నంత కాలం అది మంచి పొదుపు: అక్కరలేని కదలిక మానుకొని ఉన్న కొద్ది ప్రాణవాయువును గుండెకు, మెదడుకు మిగుల్చుకొంటుంది. నెలలు నిండక ముందే లోకంలోకి వచ్చిన బిడ్డ ఈ పాత అలవాటును వెంట తెచ్చుకొంటుంది. పెద్దవారికి ప్రాణవాయువు తగ్గితే ఊపిరి వేగం పెరిగి అట్లే నిలుస్తుంది. ఈ శిశువులకు ఒకటి రెండు నిమిషాలు వేగం పెరిగి, ఆ తరువాత మందగిస్తుంది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది. లోపలి ప్రపంచంలో రక్షించిన అలవాటే బయటి ప్రపంచంలో ముప్పు తెస్తున్నది.

20 సెకండ్లు లేదా అంతకు మించి ఊపిరి ఆగితే, లేక అంతకంటె తక్కువ సేపే ఆగినా దానితో పాటు గుండె వేగం పడిపోవడమో ఒంటి రంగు నీలిబారడమో జరిగితే, వైద్యులు దానిని శ్వాస స్తంభనగా లెక్కిస్తారు. 34, 35 వారాలకు పుట్టిన వారిలో నూటికి ఏడుగురికి, 30, 31 వారాలకు పుట్టిన వారిలో సగం మందికి పైగా, 28 వారాలకు ముందు పుట్టిన వారిలో ఇంచుమించు అందరికీ ఇది కలుగుతుంది. ఊపిరికి లయ కట్టే మెదడు కాండం ఇంకా పరిణతి చెందలేదు, గొంతు కండరాలు బలహీనం, పక్కటెముకలు మెత్తన. ఊపిరితిత్తులలో నిలువ ఉండే గాలి స్వల్పం కనుక ఊపిరి ఆగిన కొద్ది సెకండ్లకే రక్తంలో ప్రాణవాయువు దిగజారుతుంది. రక్తహీనత తోడైతే మరింత త్వరగా దిగుతుంది. మళ్లీ ఊపిరి అందుకోగానే పైకి లేస్తుంది. దిగడం, లేవడం, మళ్లీ దిగడం: ఇది రోజుకు పదులసార్లు, కొందరిలో వందసార్లకు పైగా కూడా జరుగుతూ వారాల తరబడి సాగుతుంది.

పుట్టగానే బిడ్డ ఏడవకపోవడం అందరికీ తెలిసిన ఆపద. ఆ వేళ గదిలో ఉన్న ప్రతివారూ గడియారం చూస్తారు, పరుగులు తీస్తారు. అది ఒకేసారి విరుచుకుపడే పెద్ద దెబ్బ. దానిని గురించిన వైద్యమూ, హెచ్చరికలూ వేరు. ఈ ఆగి ఆగి వచ్చే తగ్గుదల అట్టిది కాదు. ఏడుపు ఉండదు, కలకలం ఉండదు. బిడ్డ నిద్రపోతున్నట్లే ఉంటుంది. యంత్రం కూతవేస్తే నర్సు వచ్చి అరికాలు రుద్దుతుంది, బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి తీస్తుంది, కూత ఆగిపోతుంది. అంతటితో ఆ ఘట్టం ముగిసినట్లే కనబడుతుంది.

మెదడులో మాత్రం అంత సులువుగా ముగియదు. పెద్దవారి శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే అయినా ఒంటికి అందే ప్రాణవాయువులో అయిదో వంతు వాడుకొంటుంది. నవజాత శిశువులో మెదడు ఒంటి బరువులో పదో వంతు దాకా ఉంటుంది. ఒళ్లంతా ఖర్చు చేసే శక్తిలో సగానికి పైగా అదే తింటుందని అంచనా. పైగా అది నిర్మాణంలో ఉన్న మెదడు. 24 వారాల నాడు నున్నగా ఉన్న దాని ఉపరితలం నిండు నెలల నాటికి ముడతలు ముడతలుగా మారుతుంది. 34 వారాలకు కూడా దాని బరువు నిండు నెలల నాటి బరువులో సుమారు 65 శాతమే. మిగిలిన మూడో వంతు గర్భంలో పెరగవలసినది, ముందుగా పుట్టినవారిలో ఆస్పత్రి గాజుపెట్టెలో పెరుగుతుంది. గాజుపెట్టెలోని పరిస్థితులు దాని పునాదిలో కలిసిపోతాయి.

ఆ వారాలలో జరిగే పనులలో తొడుగు పని ముఖ్యం. కరెంటు తీగకు పై తొడుగు లేకపోతే ప్రవాహం ఎట్లు చెదురుతుందో, నాడీతంతువుకు కొవ్వుతో కూడిన తొడుగు లేకపోతే సందేశం అట్లే నెమ్మదిస్తుంది. ఈ తొడుగును అల్లవలసిన కణాలు 23 నుండి 32 వారాల మధ్య ఇంకా పసిదశలో ఉంటాయి. ప్రాణవాయు లోపానికి అన్నిటికంటె తేలికగా లొంగిపోయేవి అవే. కొన్ని చనిపోతాయి, మరికొన్ని బ్రతికి ఉండి కూడా పరిణతి చెందక అక్కడనే ఆగిపోతాయి. అప్పుడు తంతువు ఉంటుంది, తొడుగు పలుచగా ఉంటుంది. బిడ్డ నడుస్తుంది, మాటాడుతుంది, పాఠం వింటుంది. బదులు చెప్పడానికి మాత్రం ఒక క్షణం ఎక్కువ తీసుకొంటుంది.

రెండవ సంగతి ఆశ్చర్యంగా తోచవచ్చును. ప్రాణవాయువు తగ్గినప్పుడే కాదు, తిరిగి వచ్చినప్పుడు కూడా హాని జరుగుతుంది. లోటుపడిన కణంలోకి ప్రాణవాయువు ఒక్కసారిగా ప్రవేశించినప్పుడు చుట్టుపక్కల వాటిని కొరికివేసే చురుకైన అణువులు పుడతాయి. వాటిని అణచే రసాయనాలు నిండు నెలల బిడ్డలో సమకూరి ఉంటాయి. ముందుగా పుట్టిన బిడ్డలో కొరతగా ఉంటాయి. కనుక ఒకే మోతాదులో నిలకడగా ఉండే స్వల్ప లోపం కంటె పదే పదే దిగి లేచే లోపం మెదడును వేరు విధంగా బాధిస్తుంది. ఎలుక పిల్లలను కొద్ది రోజుల పాటు గాలిలో ప్రాణవాయువు కొన్ని నిమిషాలకొకసారి తగ్గి పెరిగే పెట్టెలో ఉంచి, పెద్దవైన తరువాత నీటి తొట్టిలో వదిలి చూశారు. నీటిలో దాగిన తిన్నె ఎక్కడున్నదో గుర్తుపెట్టుకొనడంలో అవి తడబడినాయి. జ్ఞాపకానికి ఆటపట్టయిన మెదడు భాగంలో మార్పులు కనబడినాయి. ఎలుకలు శిశువులు కావు. అయినా ఏ దిక్కున వెదకవలసినదీ ఆ ప్రయోగాలు సూచించినవి.

మనుష్య శిశువులలో వెదికిన ఫలితం 2015లో వెలువడింది. ప్రాణవాయువు ఎంత ఇవ్వాలన్న విషయమై కెనడా వైద్యులు నాయకత్వం వహించి పలు దేశాల ఆస్పత్రులలో జరిపిన పెద్ద పరీక్షలో 23 నుండి 27 వారాల మధ్య పుట్టిన వెయ్యిమందికి పైగా శిశువుల కొలతలు వారాల తరబడి నమోదైనవి. రక్తంలోని ప్రాణవాయు శాతం 80 కంటె కిందికి దిగి కనీసం 10 సెకండ్లు నిలిచిన ప్రతి విడతనూ లెక్కగట్టినారు. ఆ పిల్లలకు ఏడాదిన్నర వయస్సు వచ్చిన తరువాత నడక, మాట, బుద్ధి, చూపు, వినికిడి పరీక్షించి రెంటినీ పోల్చి చూశారు. అతి తక్కువ లోపం అనుభవించిన పదో వంతు పిల్లలలో మరణమో వైకల్యమో సంభవించినవారు నూటికి సుమారు 37 మంది అని అంచనా కట్టగా, అతి ఎక్కువ అనుభవించిన పదో వంతులో అది 56 దాటింది. అసలు కీలకం ఇంకొకటి: ఒక నిమిషమో అంతకు మించో సాగిన తగ్గుదలలకే ఈ సంబంధం కనబడింది. నిమిషం లోపు ముగిసిన వాటికి కనబడలేదు.

ఈ నిమిషం దగ్గర కొంతసేపు ఆగవలసి ఉన్నది. ఏ నెలలు నిండని బిడ్డకైనా తగ్గుదలలు తప్పవు. వాటిని చూసి తల్లి ప్రతిసారీ గుండె పట్టుకొనవలసిన పని లేదు. నర్సు పది సెకండ్లలో వచ్చి అరికాలు రుద్దినదా, ఎనభై సెకండ్లకు వచ్చినదా అన్నదే భేదం. ఒక నర్సు చేతిలో ముగ్గురు శిశువులు ఉన్నారా, పది మంది ఉన్నారా అన్న ప్రశ్న ఇక్కడ పాలనా విషయం కాదు, మెదడు విషయం. శాస్త్రజ్ఞులు ఇంకొక జాగ్రత్త కూడా చెబుతారు: ఎక్కువ తగ్గుదలలు కలిగిన బిడ్డలు తక్కిన విధాల కూడా ఎక్కువ జబ్బుపడినవారే కావచ్చును, కనుక సంబంధం కనబడినంత మాత్రాన అదొక్కటే కారణమని తీర్పు చెప్పరాదు. ఈ మాట మరుగున పడితే తల్లిదండ్రులు లేనిపోని దిగులు మోస్తారు.

తగ్గుదలలు వచ్చే కాలం కూడా తెలిసి ఉండదగినది. పుట్టిన మొదటి వారంలో అవి కొద్దిగానే ఉంటాయి. రెండవ, మూడవ వారాలలో పెరుగుతాయి. నాలుగు నుండి ఆరు వారాల దాకా ఎక్కువగానే ఉండి, ఆ తరువాత తగ్గుముఖం పడతాయి. మొదటి వారం గండం గడిచింది, ఇక బిడ్డ దక్కినట్లేనని బంధువులు ఊపిరి పీల్చుకొనే వేళకే బిడ్డ ఊపిరి తడబడడం ఎక్కువవుతుంది. ఆస్పత్రి ఖర్చుకు వెరచి, ఇంటి పనులకు వెరచి, వైద్యుల మాట కాదని ముందుగా తీసుకొనిపోయేది సరిగా ఆ వారాలలోనే.

ప్రాణవాయువు తగ్గుతున్నది కనుక ధారాళంగా ఇస్తే సరిపోదా అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ఈ ప్రశ్నకు లోకం మిక్కిలి కఠినమైన బదులు విన్నది. 1940వ దశకంలో సంపన్న దేశాల ఆస్పత్రులలో గాజుపెట్టెలలో ప్రాణవాయువు నింపి ముందుగా పుట్టిన బిడ్డలను ఉంచేవారు. 1942లో బోస్టన్ నగరంలో థియొడోర్ టెరీ అనే కంటి వైద్యుడు అట్టి బిడ్డల కనుపాపల వెనుక తెల్లని పొర ఏర్పడి చూపు పోవడం వర్ణించినాడు. కారణం ఏళ్ల తరబడి తెలియలేదు. 1951లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్‌లో కేట్ కాంప్‌బెల్ అనే వైద్యురాలు ప్రాణవాయువు ఎక్కువ కావడమే కారణమై ఉండవచ్చునని చూపింది. అమెరికాలోని 18 ఆస్పత్రులు 1953-54లో కలిసి జరిపిన పరీక్ష దానిని ధ్రువపరచింది. అప్పటికి ప్రపంచంలో సుమారు పదివేల మంది బిడ్డలు చూపు కోల్పోయినారని అంచనా.

దానితో వైద్యలోకం మరొక కొసకు వెళ్లింది. ప్రాణవాయువు బిగించి బిగించి ఇవ్వసాగినారు. అంధత్వం తగ్గింది. 1973లో కెన్నెత్ క్రాస్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు లెక్క తీసి, కాపాడిన ఒక్కొక్క చూపుకు పదహారు మంది శిశువులు ప్రాణవాయువు చాలక మరణించి ఉంటారని అంచనా వేసినాడు. ఎక్కువైతే కన్ను, తక్కువైతే ప్రాణం. ఈ రెంటి నడుమ ఇరుకు దారి ఎక్కడున్నదో చూపే సాధనం అప్పటికి లేదు.

ఆ సాధనం జపాను నుండి వచ్చింది. తకువో అయోయాగీ అనే ఇంజనీరు 1974లో, సూది గుచ్చకుండా, చర్మం గుండా వెలుతురు పంపి రక్తంలోని ప్రాణవాయు శాతం కొలిచే పద్ధతి కనిపెట్టినాడు. అదే పల్స్ ఆక్సీమీటరు. 2020లో కరోనా కాలాన ఇంటింటా వేలికి తొడిగి చూసుకొన్నది అదే. నవజాత శిశువుకు వేలు చాలదు కనుక అరచేతికో పాదానికో చుట్టుతారు. అయోయాగీ ఆ 2020లోనే కన్నుమూసినాడు.

కొలిచే సాధనం దొరికినా ఎంత శాతం మంచిదో తేలడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. 28 వారాలకు ముందు పుట్టిన దాదాపు 5,000 మంది శిశువులపై పలు దేశాలలో జరిగిన అయిదు పరీక్షల ఫలితాలను కలిపి 2018లో ప్రకటించినారు. 85-89 శాతం మధ్య ఉంచిన వారిలో 19.9 శాతం మంది మరణించగా, 91-95 మధ్య ఉంచిన వారిలో 17.1 శాతం మంది మరణించినారు. పై అంకెలో ఉంచిన వారిలో కంటికి చికిత్స అవసరమైనవారు మాత్రం ఎక్కువ. కంటి జబ్బును సకాలంలో పట్టుకొంటే లేజరుతోనో మందుతోనో నయం చేయవచ్చును. పోయిన ప్రాణాన్ని తేలేరు. అందుచేత నేడు పై అంకె వైపే మొగ్గు ఉన్నది. ఇందువల్ల తల్లిదండ్రులకు ఒక బాధ్యత ఏర్పడింది. భారతదేశంలో 34 వారాలకు ముందు గాని, 2 కిలోలకు తక్కువ బరువుతో గాని పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరగక ముందే కంటి వెనుక పొర పరీక్ష జరగాలి. 28 వారాలకు ముందు పుట్టినవారికి ఇంకా ముందుగా, రెండు మూడు వారాలలోనే జరగాలి. బిడ్డ చక్కగా చూస్తున్నదని, నవ్వుతున్నదని ఈ పరీక్ష మానుకొనడం కూడదు.

ఊపిరిని నిలకడగా నడిపించే మందు ఏమిటంటే దక్షిణాది ఇళ్లవారు నవ్వుకొంటారు. అది కాఫీలోని కెఫీన్. మెదడులో ఊపిరిని మందగింపజేసే ఒక రసాయనానికి ఇది అడ్డుపడుతుంది. 1970వ దశకం నుండే దీనిని వాడుతున్నా మెదడుకు మేలో కీడో తెలియలేదు. కెనడాకు చెందిన బార్బరా ష్మిట్ అనే వైద్యురాలి ఆధ్వర్యంలో 2,006 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2006, 2007 సంవత్సరాలలో వచ్చినవి. మందు పొందని వారిలో 7.3 శాతం మందికి మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకొనే వైకల్యం రాగా, కెఫీన్ పొందిన వారిలో అది 4.4 శాతానికి తగ్గింది. ఆ పిల్లలను పదకొండేండ్ల ప్రాయంలో మళ్లీ పరీక్షించి 2017లో ప్రకటించినారు: చదువులో గాని ప్రవర్తనలో గాని చెప్పుకోదగిన తేడా లేదు, చేతుల పనితనంలో, నడకలో, తూకంలో మాత్రం మేలు నిలిచి ఉన్నది. పసితనంలో ఇచ్చిన కొద్ది చుక్కల మందు అయిదవ తరగతి పిల్లవాని చేతివ్రాతలో మిగిలి ఉన్నదన్నమాట. ఇది ఆస్పత్రిలో తూచి ఇచ్చే మందు. ఇంట్లో ఎవరూ డికాక్షను చుక్కలు నాలుక మీద వేయరాదు.

ఖర్చులేని సాధనం ఇంకొకటి ఉన్నది. 1978లో కొలంబియా దేశ రాజధాని బొగోటాలో గాజుపెట్టెలు చాలక, ఒక్కొక్కదానిలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను ఉంచవలసి వచ్చినప్పుడు, ఎద్గార్ రేయ్ అనే వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముల నడుమ, చర్మానికి చర్మం తగిలేటట్లు నిలువుగా కట్టి ఉంచే పద్ధతి ప్రవేశపెట్టినాడు. కంగారూ సంరక్షణ అన్న పేరు దానికే వచ్చింది. భారతదేశంతో పాటు ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాలలో జరిగిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది: పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టిన శిశువులలో 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుండి 12 శాతానికి తగ్గినవి. తల్లి గుండెకు ఆనుకొని ఉన్న వేళ బిడ్డ రక్తంలో ప్రాణవాయు శాతం మెరుగ్గా నిలుస్తున్నట్లు వేరే పరిశోధనలు తెలిపినవి. తల్లికి ఓపిక లేకపోతే తండ్రి, అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా పట్టుకొనవచ్చును. మగవాడు చొక్కా విప్పి పసిబిడ్డను హత్తుకొనడానికి బిడియపడడం విచిత్రం. ఆ బిడియానికి బిడ్డ మెదడు మూల్యం చెల్లించరాదు.

ఇంటికి వచ్చిన తరువాత చేయవలసినవి కొన్నే. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టాలి. మెడ ముందుకు వాలి గడ్డం ఛాతీకి తగిలితే గాలిదారి ఇరుకవుతుంది. చీర ఉయ్యాలలో జరిగేది అదే. నిండు నెలల బిడ్డకు కొంత వయస్సు వచ్చాక ఉయ్యాల ముచ్చట తీర్చుకొనవచ్చును గాని ఇట్టి బిడ్డకు చదునైన పక్కయే క్షేమం. స్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయడం తరతరాల ఆచారమే. ముందుగా పుట్టిన ఊపిరితిత్తులకు ఆ పొగ పడదు. బీడీ, సిగరెట్టు పొగ సరేసరి. ఉగ్గుగిన్నెతో పాలు పట్టేటప్పుడు తల ఎత్తి, గుటకకు గుటకకు మధ్య ఊపిరి తీసుకొననివ్వాలి. తొందరపడి పోస్తే ఊపిరి ఆగేది అక్కడే. పెదవులు నీలిబారినా, ఊపిరి ఆగినా, పాలు తాగడం మానినా, ఒళ్లు చల్లబడినా, పిలిచినా కదలకపోయినా, దిష్టి తీయడానికి ఆగక ఆస్పత్రికి వెళ్లాలి.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో శీఘ్ర చికిత్సా కేంద్రాలు ఏర్పడినవి. ఎదుగుదల పరీక్ష, వినికిడి, మాట, వ్యాయామ చికిత్స అక్కడ ఉచితం. అంగన్‌వాడీ ద్వారా, ఆశా కార్యకర్త ద్వారా అక్కడికి దారి ఉన్నది. మొదటి రెండేండ్లలో మెదడు తన లోపాన్ని తానే చుట్టుదారిలో దాటడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నానికి చేయూత ఇవ్వవలసినది అప్పుడే.

ఇక బడి సంగతి. ముందుగా పుట్టిన పిల్లలలో ఎక్కువమంది సాధారణ పాఠశాలలలో తోటివారితో సమంగా చదువుకొంటారు. మిగిలిన వారిలో కనబడే చిక్కు ఒక ప్రత్యేక రూపం తీసుకొంటుంది. వారు అల్లరి చేయరు. కిటికీ వైపు చూస్తారు. అక్షరాలు వస్తాయి గాని లెక్కలలో వెనుకబడతారు. నోటితో చెప్పగలిగినది వ్రాయడానికి రెట్టింపు సమయం తీసుకొంటారు. బోర్డు మీద ఉన్నది చూసి నోటు పుస్తకంలోకి దించుకొనేలోగా బోర్డు తుడిచివేయబడుతుంది. మూడు ఆజ్ఞలు ఒక్కసారి ఇస్తే మొదటిది చేసి నిలబడతారు. అల్లరి లేదు కనుక ఎవరి దృష్టీ వీరిపై నిలవదు. మార్కులు వచ్చిన రోజున మాత్రం నిలుస్తుంది. ముందు బల్లపై కూర్చోబెట్టడం, ఆజ్ఞలను ఒక్కొక్కటిగా ఇవ్వడం, వ్రాతకు అదనపు సమయం ఇవ్వడం, కొన్నిటికి నోటి మాటగా జవాబు తీసుకొనడం: వీటికి నిధులు అక్కరలేదు. నిర్దిష్ట అభ్యసన లోపాలు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చేరినవి కనుక, పరీక్షించి ధ్రువపత్రం పొందినవారికి పబ్లిక్ పరీక్షలలో సదుపాయాలు అడిగే మార్గమూ ఉన్నది.

వయస్సు విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. దానిని ఏ బడీ పట్టించుకొన్నట్లు లేదు. మే 20న 28 వారాలకే పుట్టిన బిడ్డ, నెలలు నిండి ఉంటే ఆగస్టు రెండవ వారంలో పుట్టవలసినది. ప్రవేశానికి జూన్ 1 గడువు అయితే, ఈ బిడ్డ తన అసలు వయస్సు కంటె ఒక ఏడాది ముందు తరగతిలో కూర్చొంటుంది. మెదడుకు మూడు నెలల లోటు, తరగతికి ఏడాది తొందర. అట్టి బిడ్డను ఒక ఏడు ఆగి చేర్చితే తల్లిదండ్రులకు నామోషీ కారాదు, పాఠశాల అభ్యంతరం చెప్పరాదు.

బిడ్డ ముందుగా పుట్టినందుకు తల్లిని నిందించే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నది. చాలా కాన్పులలో అట్లు జరగడానికి కారణం వైద్యులకే అంతుచిక్కదు. నింద భయంతోనే చాలామంది తల్లులు పురిటినాటి కథను బడిలో చెప్పరు. కావలసిన సమాచారం అట్లు దాగిపోతున్నది. బరంపురం వంటి ఊళ్లలో ఇంకొక ఇబ్బంది తోడవుతున్నది: డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, నర్సు ఒడియాలో వివరిస్తుంది, ఇంట్లో బిడ్డను పెంచే అమ్మమ్మకు తెలుగే వచ్చు. మూడు భాషల నడుమ ముఖ్యమైన మాట జారిపోతుంది.

కనుక ఆ కాగితాన్ని తెలుగులో చెప్పించుకొనడం, భద్రపరచడం అవసరం. అందులో చూడవలసినవి ఇవి: ఎన్ని వారాలకు పుట్టినది, పుట్టిన బరువు, ఎన్ని రోజులు ప్రాణవాయువు పెట్టినారు, ఊపిరి ఆగడం వ్రాసి ఉన్నదా, కెఫీన్ ఎప్పటిదాకా ఇచ్చినారు, తల స్కానులో ఏమి తేలినది, కంటి పరీక్ష, వినికిడి పరీక్ష జరిగినవా. బడిలో చేర్చేటప్పుడు జనన ధ్రువపత్రంతో పాటు ఈ కాగితానికి ఒక నకలు జతచేస్తే తరగతి ఉపాధ్యాయురాలికి మొదటి రోజునే దారి తెలుస్తుంది. అసలు కాగితం ఇంటనే ఉంచుకొనవచ్చును. మడతలలో సిరా వెలిసిపోక ముందే నకలు తీయించడం మంచిది.